గోడలు లేని కోట

సిడ్నీలో మన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ముందుగా వచ్చే మాట ఇళ్ళ ధరలు. మన ఊళ్ళలో పెళ్ళి సంబంధాల గురించి మాట్లాడుకుంటాం చూశారూ, అచ్చంగా ఆ ధోరణిలోనే సాగుతుంది ఆ సంభాషణ. ఫలానావారికి ఎక్కడ కుదిరింది, ఎంతకు కుదిరింది, బాంకువాళ్ళు ఎంత ఇచ్చారు, వాకిలి ఏ దిక్కున, చుట్టుపక్కల మనవాళ్ళున్నారా - ఇవీ ప్రశ్నలు. మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలు ఉండి వచ్చాను. ఆ ఊరి ప్రఖ్యాత ఒపేరా హౌస్ గురించి నాతో ఎవరూ రెండు నిమిషాలకు మించి మాట్లాడలేదు గాని, తాము కొన్న ఇంటి గురించీ, కొనలేకపోయిన ఇంటి గురించీ గంటల తరబడి చెప్పినవాళ్ళున్నారు.

మా అమ్మాయీ అల్లుడూ ఉండేది వెంట్‌వర్త్‌విల్ అనే పేటలో. నగరానికి పడమరగా, పరమట్టా దాటిన తరువాత వస్తుంది. అద్దె ఇల్లు. వీధిలోకి వస్తే తెలుగు చెవిన పడుతుంది, కొట్లో గోంగూర దొరుకుతుంది. అమ్మాయి అక్కడికి దగ్గరలోనే ఒక ఆసుపత్రిలో నర్సు. అల్లుడిది కంప్యూటరు ఉద్యోగం. పెళ్ళయిన నాటినుంచీ ఇద్దరూ డబ్బు కూడబెడుతున్నారు; వాళ్ళు కూడబెట్టిన దానికన్న ఇళ్ళ ధర రెండడుగులు ముందే ఉంటోంది. నేను వెళ్ళేసరికి ఇల్లు కొనడమా మానడమా అన్న చర్చ అయిపోయి, ఎక్కడ కొనడమన్న చర్చ నడుస్తున్నది. అమ్మాయికి ఆసుపత్రి దగ్గరుండాలి. అల్లుడికి చెట్లుండాలి.

చెట్లంటే పెరట్లో మామిడి చెట్టూ, కరివేపాకు మొక్కా కాదు. ఆ దేశంలో ‘బుష్’ అని ఒక మాట ఉన్నది. దాన్ని అడవి అనడానికి లేదు, తోట అనడానికీ లేదు. చిట్టడవి అంటే కొంత దగ్గరగా వస్తుంది. నగరం నడిబొడ్డునుంచి అరగంట బస్సు ప్రయాణంలోనే, ఎవరూ నాటని చెట్లూ, ఎవరూ కదల్చని బండలూ, వాటి మధ్య ఇళ్ళూ ఉండే పేటలు సిడ్నీ ఉత్తరాన అనేకం ఉన్నాయి. అక్కడ ఇల్లు దొరకడమంటే ఆ ఊరి వాళ్ళ దృష్టిలో పూర్వజన్మ సుకృతం. వాటిలో కాసిల్‌క్రాగ్ అనే పేటను చూడాలని నేను బయలుదేరక ముందే అనుకున్నాను. అందుకు కారణం లక్నోలో ఉన్నది.

లక్నోలో కొంతకాలం ఉద్యోగం చేశాను నేను. అక్కడ నిషాత్‌గంజ్‌లో ఒక క్రైస్తవ శ్మశానవాటిక ఉన్నది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాకు నమూనా గీసిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ అందులోనే నిద్రిస్తున్నాడని ఆఫీసులో ఒక మిత్రుడు చెప్పగా విని ఆశ్చర్యపోయాను. చికాగో దగ్గర పుట్టి, ఆస్ట్రేలియాలో రాజధానికి రూపం ఇచ్చి, గోమతి ఒడ్డున మట్టిలో కలిసిన ఆ మనిషి తన సొంత ఇష్టప్రకారం కట్టించుకున్న పేట కాసిల్‌క్రాగ్. అదీ సంగతి.

కొండ కొమ్మున

ఒక శనివారం ఉదయం మేం నలుగురం - నేనూ, అమ్మాయీ, అల్లుడూ, ఆరేళ్ళ మనవరాలూ - వెంట్‌వర్త్‌విల్‌లో రైలెక్కి వినియార్డ్‌లో దిగి బస్సు పట్టుకున్నాం. బస్సు హార్బరు వంతెన దాటింది. నగరానికి ఉత్తరాన ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, మిడిల్ హార్బర్ అనే సముద్రపు పాయలోకి చొచ్చుకుపోయిన ఒక కొండ కొమ్ము ఉన్నది. పేటంతా ఆ కొమ్ము మీదనే. బస్సు దిగినచోట నాలుగు దుకాణాలు, కాఫీ తాగే బల్లలు. అక్కడినుంచి ఎడిన్‌బరో రోడ్డు పట్టుకుని వంద గజాలు నడిచేసరికి కార్ల రొద వెనకబడిపోయింది. ఎంత నిశ్శబ్దమంటే మనవరాలు కూడా గొంతు తగ్గించి మాట్లాడింది.

ఇళ్ళేవీ అని వెతుక్కోవలసి వచ్చింది నాకు. వీధి వారగా ఒక ఉత్తరాల పెట్టె కనబడుతుంది. ఇల్లు బండల వెనక, చెట్ల కింద, కొండవాలులో ఎక్కడో ఉంటుంది. రోడ్డు ఎక్కడా తిన్నగా పోదు. కొండ ఎటు తిరిగితే అటే తిరుగుతుంది. ఇరువైపులా తేనెరంగు ఇసుకరాయి బండలు. వాటిని పట్టుకుని పెరిగిన చెట్లు బోదెలు వంకర్లు తిరిగి, బెరడు ఊడ్చుకుని, లోపలి గులాబి చాయ చూపిస్తూ నుంచున్నాయి. సిడ్నీ రెడ్ గమ్ అంటారట వాటిని. ఆకుల సందుల్లోంచి కింద నీలంగా నీళ్ళు, నీళ్ళ మీద పడవలు. ఈ నేలకు తొలి వారసులు కామరేగల్ తెగవారు. ఈ ఇసుకరాతి కొండల్లో తలదాచుకుని, ఈ నీళ్ళలో చేపలు పట్టుకుని వారు బతికిన కాలంతో పోలిస్తే తరువాత వచ్చినవాళ్ళ చరిత్ర నిన్నటిది.

వీధుల పేర్లు చూస్తే నవ్వొచ్చింది. ఆ కొమ్ము మీదున్న ఒక పెద్ద బండను జనం ఎడిన్‌బరో కోట అనేవారట. ఆ మాట పట్టుకుని గ్రిఫిన్ పేటకు ‘కోట కొండ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి, వీధులకు కోటలోని భాగాల పేర్లు పెట్టాడు. ది రాంపార్ట్ అంటే ప్రాకారం. ది బాస్టియన్ అంటే బురుజు. ది పోస్టర్న్ అంటే మన కోటల్లో దిడ్డి. ది పారపెట్ అంటే సాక్షాత్తూ పిట్టగోడ! ‘‘పిట్టగోడ వీధి, మూడో నంబరు’’ అని చిరునామా రాసుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. చిత్రమేమిటంటే, ఇన్ని గోడల పేర్లు పెట్టిన పెద్దమనిషి తన పేటలో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ గాని కంచె గాని ఉండకూడదన్నాడు.

డాబా వద్దన్న దొరలు

గ్రిఫిన్ 1876లో పుట్టాడు. 1912లో కాన్‌బెర్రా నమూనాల పోటీలో గెలిచాడు. ఆ నమూనాకు కంటికి ఇంపైన బొమ్మలు గీసినది ఆయన భార్య మేరియన్ మహోనీ. ఆమె కూడా పేరున్న వాస్తుశిల్పి. ఆయన ఆస్ట్రేలియా వచ్చి రాజధాని నిర్మాణానికి పూనుకున్నాడు గాని, సర్కారు ఉద్యోగులతో పొసగలేదు. 1920 చివర్లో ఆ పనినుంచి తప్పుకున్నాడు. ఆ తరువాత వాటాదార్లను కూడగట్టి ఒక కంపెనీ పెట్టి, మిడిల్ హార్బరు ఒడ్డున 650 ఎకరాల బండలూ చెట్లూ కొన్నాడు. అప్పటికి హార్బరు వంతెన లేదు. అది 1932లో గాని తెరవలేదు. కాబట్టి నగరంనుంచి రావాలంటే పడవ దాటి, ఆపైన నేలమీద మరికొంత దూరం రావాలి. అటువంటి చోట ఇళ్ళస్థలాల వ్యాపారం మొదలుపెట్టాడు.

షరతులు విన్నవాళ్ళు ముక్కున వేలేసుకుని ఉంటారు. ఇల్లు రాతితో గాని కాంక్రీటుతో గాని కట్టాలి. నమూనా కంపెనీకి నచ్చాలి. చెట్లు నరకకూడదు, బండలు పగలగొట్టకూడదు. కంచెలు వేయకూడదు. ఎర్ర పెంకుల కప్పు పనికిరాదు. కప్పు చదునుగా ఉండాలి. అంటే మన భాషలో డాబా అన్నమాట. మన వైపు పెంకుటిల్లు పీకి డాబా వేస్తే ఆ కుటుంబం స్థితికి వచ్చిందని ఊరు చెప్పుకునేది. అక్కడ ఆ రోజుల్లో దొరలకు ఎర్ర పెంకుటిల్లే మోజు. డాబా ఇల్లు చూసి మొహం చిట్లించారు. డబ్బిచ్చి కొన్న స్థలంలో తనకు నచ్చినట్టు కట్టుకోవద్దనడానికి ఈయనెవరన్నది మరో అభ్యంతరం.

గ్రిఫిన్ ఆలోచన వేరు. కంచెలు లేకపోతే ప్రతి ఇంటివాడికీ కొండంతా తనదే అనిపిస్తుంది. కంచె వేసుకున్నవాడికి వేసుకున్న మేరకే దక్కుతుంది. అందుకని స్థలాలు కోసేటప్పుడే వాటి వెనక చిట్టడవి ముక్కలు వదిలిపెట్టాడు. వాటిని కలుపుతూ కాలిబాటలు వేశాడు. నీటి ఒడ్డు అందరికీ ఉంచాడు. సిమెంటు దిమ్మెలు ఒకదానిలో ఒకటి ఇమిడేలా పోతపోసి గోడలు లేపే పద్ధతి ఒకటి కనిపెట్టి, దానికి 1917లోనే పేటెంటు పుచ్చుకుని ఉన్నాడు. కొండలోంచి తీసిన రాతినీ, ఆ దిమ్మెలనూ వాడి చిన్న చిన్న ఇళ్ళు కట్టాడు. 1925లో దంపతులు తామే అక్కడికి కాపురం వచ్చారు. 1930లలో మేరియన్ ఒక లోయలో రాతిమెట్ల మీద ప్రేక్షకులను కూర్చోబెట్టి, చెట్ల మధ్య గ్రీకు నాటకాలు ఆడించింది. హేవెన్ అనే ఆ ఆరుబయటి రంగస్థలం ఉన్న లోయను మేమూ చూశాం. మనవరాలు కిందికి దిగి ‘చిట్టి చిలకమ్మా’ వినిపించి వచ్చింది.

ఇంత శ్రమపడ్డా వ్యాపారం సాగలేదు. ఆర్థిక మాంద్యం ఒకవైపు, దూరం ఒకవైపు, షరతులు ఒకవైపు. కాసిల్‌క్రాగ్‌లో గ్రిఫిన్ కట్టగలిగిన ఇళ్ళు పదిహేనుకు అటూ ఇటూ అంతే. 1935లో లక్నో విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి నమూనా గీసే పని వచ్చింది, వెళ్ళాడు. అక్కడ పయనీర్ పత్రికకు భవనం కట్టాడు, ఇంకా ఎన్నిటికో నమూనాలు గీశాడు. 1937 ఫిబ్రవరిలో జబ్బుచేసి, శస్త్రచికిత్స తరువాత కన్నుమూశాడు. చాలాకాలం ఆయన సమాధి మీద పేరు కూడా లేదు. మేరియన్ చికాగో తిరిగి వెళ్ళి 1961లో పోయింది. తాము అమ్మలేకపోయిన ఆ కొండకు తరువాత పట్టిన యోగం ఇద్దరూ చూడలేదు.

సర్కారువారి పాట

ఆ యోగం ఎటువంటిదో మేం ఆరోజే కళ్ళారా చూశాం. పోయేదారిలో ఒక ఇంటి ముందు నిలువెత్తు బోర్డు, దానిమీద రంగుల ఫోటోలు, ‘వేలం - నేడు’ అన్న ప్రకటన. ముప్పై నలభైమంది పోగై ఉన్నారు. సిడ్నీలో ఇళ్ళ వేలం ఎక్కువగా శనివారాలే. కొనేవాళ్ళకన్న చూడవచ్చిన ఇరుగుపొరుగువారే ఎక్కువమంది ఉంటారు; తమ ఇల్లు ఎంత చేస్తుందో తెలుసుకోవాలని వారి ఆత్రం. మేమూ వెళ్ళి నిలబడ్డాం.

అది గ్రిఫిన్ కట్టిన ఇల్లు కాదు. తరువాతి కాలంలో ఆ షరతులు సడలిపోయాక వచ్చినది. ప్రకటన కాగితంలో మొదటి మాట ‘ఉత్తర ముఖం’. మనవాళ్ళ వాస్తు ఇక్కడిదాకా వచ్చిందా అని సంతోషించబోయాను. అల్లుడు వివరించాడు: ‘‘ఇది భూగోళానికి దక్షిణపు సగం గదా, మావయ్యగారూ. సూర్యుడు ఉత్తరం వైపునుంచి పోతాడు. చలికాలం ఎండ ఇంట్లో పడాలంటే ఉత్తరం వైపు కిటికీలుండాలి.’’ కుబేరుడు ఏ దారిన వచ్చినా కుబేరుడే అనుకున్నాను. ఇంటి లోపలి గదుల వర్ణన రెండు వాక్యాల్లో ముగించి, కిటికీలోంచి కనిపించే చెట్లనూ, నీళ్ళనూ, పిట్టల కూతనూ ఆరు వాక్యాల్లో వర్ణించారు. అమ్ముతున్నది ఇల్లా, ఇంటి బయటిదా అన్న అనుమానం కలిగింది.

వేలం పద్ధతి చెబుతాను, పనికిరావచ్చు. పాడదలచినవాళ్ళు ముందే పేరు నమోదు చేయించుకుని నంబరు అట్ట పుచ్చుకోవాలి. అమ్మేవాడు ఇంతకు తక్కువైతే ఇవ్వనని ఒక ధర గుట్టుగా చెప్పి ఉంచుతాడు. పాట మందకొడిగా ఉంటే వేలంవేసేవాడు అమ్మేవాడి తరఫున ఒక్కసారి, ఒక్కసారి మాత్రమే, ఇది అమ్మేవారి పాట అని పైకి చెప్పి మరీ పాడవచ్చు. మన పాత సారా వేలాల్లో సర్కారువారి పాట లాంటిదన్నమాట. మూడోసారి అని కొయ్యసుత్తి పడ్డదా, ఇక వెనక్కి పోవడానికి లేదు. అక్కడికక్కడే ఒప్పందం మీద సంతకం, మామూలుగా నూటికి పదివంతుల అడ్వాన్సు. వేలం లేకుండా కొంటే మనసు మార్చుకోవడానికి ఐదు పనిదినాల గడువుంటుంది. అప్పుడు కూడా ధరలో నూటికి పావువంతు వదులుకోవాలి. వేలంలో ఆ గడువూ లేదు.

వేలంవేసేవాడు మన హరిదాసులాంటివాడు. నవ్వించాడు, బుజ్జగించాడు, మధ్యమధ్య చెట్టుమీద కూసిన కూకబరాను కూడా పాటగాడన్నాడు. ముగ్గురు పాడారు. అంకె నాలుగు మిలియన్లు దాటిన తరువాత నేను రూపాయల్లోకి మార్చుకోవడం మానేశాను. ఇరవై కోట్ల పైమాట. చివరికి ఒక యువదంపతులకు దక్కింది. ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషంతోనో భయంతోనో నాకు తెలియలేదు. ఆమెకూ అప్పుడు తెలిసి ఉండదు.

తిరిగి రోడ్డు మీదికి వచ్చాక, గుంటూరు దగ్గర నాకున్న రెండు వందల గజాల స్థలం సంగతి ఎత్తాను. మీకు కావాలంటే అమ్మేస్తాను, చెట్లున్న చోటే చూసుకోండి అన్నాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ‘‘నాన్నా, అది అమ్మితే ఇప్పుడు చూసిన ఇంటికి సర్కారుకు కట్టే స్టాంపు డ్యూటీకన్నా చాలుతుందో లేదో. దాని జోలికి పోవద్దు. అమ్మకూ నీకూ ఆసరా అదొక్కటే’’ అన్నది. అల్లుడు తలవంచుకుని నడిచాడు.

పక్షులూ, మంటలూ

ఇటువంటి పేటలో కాపురం ఎలా ఉంటుందో కనుక్కుందామని దారిలో ఒక ముసలావిడను పలకరించాను. మోకాళ్ళ మీద కూర్చుని బాట పక్కన కలుపు పీకుతున్నది. చిట్టడవిలో లాంటానా, ప్రివెట్ వంటి పరాయి మొక్కలు జొరబడి అసలు చెట్లను చంపేస్తుంటే, పేటవాళ్ళే జట్లు కట్టి తీసేస్తారట. కౌన్సిలువారు పనిముట్లు ఇస్తారు. ఇదో పెద్ద విద్య. దగ్గరలోని మోస్మన్‌లో బ్రాడ్లీ అక్కచెల్లెళ్ళని ఇద్దరు 1960లలో దీనికొక పద్ధతి ఏర్పరచారు. కలుపు దట్టంగా ఉన్నచోట మొదలుపెట్టకూడదు. అడవి ఆరోగ్యంగా ఉన్నచోట మొదలుపెట్టి, కొద్దికొద్దిగా కలుపువైపు జరగాలి. తొందరపడితే తవ్విన నేలంతా మళ్ళీ కలుపే ఆక్రమిస్తుంది.

ఆవిడ చెప్పిన కష్టసుఖాలు వినండి. బ్రష్ టర్కీ అనే నల్లకోడి ఒకటుంది. పెరట్లో మీరు వేసుకున్న పాదులన్నీ కాళ్ళతో గీరి, టన్నులకొద్దీ ఆకులూ మట్టీ కుప్పపోసి అందులో గుడ్లు పొదిగిస్తుంది. దాన్ని తరమడమే గాని హాని చేయకూడదు, చట్టం ఒప్పుకోదు. తెల్ల కాకటూలు గుంపుగా వచ్చి మేడవరండా కొయ్యకమ్మీలను చెక్కి పోతాయి. రాత్రి కప్పు మీద పోసమ్‌ల పరుగుపందెం. సాలెపురుగుల్లో ప్రాణం తీసే జాతి ఒకటుంది. తోటలో పనిచేసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి. సొంత పెరట్లోదైనా చెట్టు కొట్టాలంటే కౌన్సిలు అనుమతి కావాలి. ‘‘ఇవన్నీ మాకు అలవాటే. వేసవిలో పడమటి గాలి వీచిన రోజునే నిద్రపట్టదు’’ అన్నది.

గాలి అంటే మంట. ఆ గమ్ చెట్ల ఆకుల్లో నూనె ఉంటుంది. 1994 జనవరిలో నగరానికి దక్షిణాన కోమో, జనాలీ పేటల్లోకి మంటలు దూసుకువచ్చాయి. 2013 అక్టోబరులో బ్లూ మౌంటెన్స్‌లో రెండు వందల దాకా ఇళ్ళు కాలిపోయాయి. అందుచేత అడవి అంచున ఇల్లు కట్టేవారికి లెక్కలున్నాయి. చెట్లెంత దూరం, వాలు ఎంత అన్నదాన్నిబట్టి 12.5, 19, 29, 40, ఆపైన ‘జ్వాలా మండలం’ అని తరగతులు. తరగతి పెరిగినకొద్దీ కిటికీ అద్దం మొదలు తలుపు సందు దాకా ఖర్చు పెరుగుతుంది. 2014లో ప్రభుత్వం మరో వెసులుబాటు ఇచ్చింది: గుర్తించిన ప్రాంతాల్లో ఇంటికి పది మీటర్ల లోపు చెట్లను అనుమతి లేకుండా తీసేయవచ్చు, యాభై మీటర్ల లోపు పొదలు తీసేయవచ్చు. మంటల పేరు చెప్పి కొందరు సముద్రం కనిపించడానికి చెట్లు కొట్టేస్తున్నారని గోల లేచింది. ప్రభుత్వం ఆ హద్దులు కుదించవలసి వచ్చింది. చెట్టుంటే ఇంటికి ధర. చెట్టు అడ్డు తొలగి నీళ్ళు కనబడితే మరింత ధర. మనిషి ఆశ ఏ దేశంలోనైనా ఒకటే గదా!

ఎవరికి కంచె?

ముసలావిడ లేచి మోకాళ్ళు దులుపుకుంటూ ఒక మాట అన్నది. ఆమె భర్తతో ఇక్కడికి వచ్చిననాడు అతను బడిపంతులు. వాళ్ళ జీతంతో ఇల్లు కొనుక్కోగలిగారు. ఇద్దరు పిల్లలు ఈ బండల మీద ఆడి పెరిగారు. ఇవాళ ఆ పిల్లల్లో ఒకరు కూడా ఇక్కడ ఇల్లు కొనగలిగే స్థితిలో లేరు. ఒకరు గంటన్నర దూరంలో, ఒకరు వేరే రాష్ట్రంలో. ‘‘ఈ చెట్లను కాపాడుతున్నాను. ఎవరికోసమో తెలియదు’’ అన్నది.

నాకు ఆ మాట దారిపొడుగునా వినిపిస్తూనే ఉంది. గ్రిఫిన్ కంచెలు వద్దన్నాడు, గోడలు వద్దన్నాడు. వాటి స్థానంలో ధర లేచింది. ఏ కంచె అంత ఎత్తు ఉండదు. ఆనాడు చౌకగా ఇస్తానన్నా జనం వద్దన్న బండలకూ చెట్లకూ ఈనాడు కోట్లు పోస్తున్నారు. నిజానికి వాటిని పగలగొట్టకుండా నరకకుండా ఉంచడం వల్లనే ఆ కోట్లు వచ్చాయి. మన బంజారా కొండల మీద బండలు పేల్చి మేడలు లేపడం చూసినవాణ్ణి గనుక ఉంచడంలోని గొప్పతనం నాకు తెలుసు. అయితే ఉంచిన దాని ఫలం ఎవరికి చెందాలన్న ప్రశ్న గ్రిఫిన్ నమూనాలో లేదు.

ఈ ప్రశ్న మీద సిడ్నీలో పెద్ద రభసే ఉన్నది. 2025లో అక్కడి రాష్ట్ర ప్రభుత్వం రైలు స్టేషన్లకూ బజార్లకూ దగ్గరున్న అనేక చోట్ల జంట ఇళ్ళూ, వరస ఇళ్ళూ, చిన్న అపార్టుమెంట్లూ కట్టుకోవడానికి నిబంధనలు సడలించింది. చెట్ల పేటలవారు మా ఊరి అందం పోతుందన్నారు. ఇళ్ళు లేని పడుచువాళ్ళు మేమెక్కడ ఉండాలన్నారు. అమ్మాయి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆ రెండో పక్షమే వాదించింది. ‘‘నాన్నా, అక్కడి ముసలావిడకు గుండెనొప్పి వస్తే చూడవలసిన నర్సు ఎక్కడుండాలి? మందుల షాపులో పిల్ల ఎక్కడుండాలి? చెట్లుండాలి, సరే. చెట్ల పేరు చెప్పి మనుషులను రావద్దనకూడదు గదా.’’ అల్లుడు ఊరుకోలేదు. ‘‘అందరూ వస్తే ఆ చెట్లే ఉండవు. అప్పుడు అదీ మన వీధిలాగే ఉంటుంది’’ అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. నేను పప్పు మరికాస్త వేయించుకున్నాను.

అల్లుడి దగ్గర మరో కాగితం ఉంది. హార్న్స్‌బీ దాటి ఉత్తరంగా పోతే చిట్టడవి అంచునే పాత ఇళ్ళు కొంచెం అందుబాటులో దొరుకుతాయి. ఒకటి అతను చూసివచ్చాడు. వెనక తలుపు తీస్తే అడవి. వారం రోజులు ఆ కాగితం బల్లమీదే ఉన్నది. మంటలకు బీమా కంపెనీ చెప్పిన ఏడాది రుసుము పక్కనే రాసుకున్నారు. అమ్మాయి రాత్రి డ్యూటీ దిగి ఇల్లు చేరే సమయం రాసుకున్నారు. ముప్పై ఏళ్ళ అప్పు కంతు రాసుకున్నారు. చివరికి అల్లుడే కాగితం మడిచి లోపల పెట్టాడు. వెంట్‌వర్త్‌విల్‌లోనే వరస ఇళ్ళలో ఒకటి తీసుకున్నారు. రెండు పడకగదులు, నాలుగు గజాల పెరడు, అందరి ఉమ్మడి ఖర్చులకు మూణ్ణెల్లకోసారి చందా. పాలు పొంగించిననాడు అల్లుడు ఆ నాలుగు గజాల్లో ఒక గమ్ మొక్క నాటబోతే, వేళ్ళు పునాదిలోకి పోతాయని ఉమ్మడి సంఘంవారు అభ్యంతరం చెప్పారు. ఇప్పుడక్కడ కరివేపాకు ఉన్నది.

అయితే ఒక సంగతి చెప్పి ముగిస్తాను. గ్రిఫిన్ అమ్మిన స్థలాలన్నీ ధర అనే కంచె వెనక్కి పోయాయి. ఆయన అమ్మకుండా వదిలిపెట్టిన చిట్టడవి ముక్కలూ, కాలిబాటలూ మాత్రం ఈనాటికీ ఊరందరివే. అక్కడ టిక్కెట్టు లేదు, గేటు లేదు, ఎవరింటికి వచ్చావని అడిగేవాళ్ళు లేరు. నేను ఉన్న మిగతా రోజుల్లో ఐదారు ఆదివారాలు పులిహోర కట్టుకుని అక్కడికి వెళ్ళాం. మనవరాలికి ఏ బండ మీద బల్లి ఎండ కాచుకుంటుందో, ఏ మలుపులో నీళ్ళు కనబడతాయో తెలిసిపోయింది. కోట్లు పోసి కొన్నవారి పిల్లలూ, బస్సులో వచ్చిన మా పిల్లా ఒకే బండ మీద జారారు.

మీలో ఎవరైనా పిల్లల దగ్గరకు సిడ్నీ వెళితే, ఒపేరా హౌస్ చూసిన మర్నాడు వినియార్డ్‌లో కాసిల్‌క్రాగ్ బస్సెక్కండి. ఎడిన్‌బరో రోడ్డు మీద దిగి, నీళ్ళవైపు పోయే కాలిబాట ఏది కనిపిస్తే అది పట్టుకోండి. చెప్పులు గట్టివి వేసుకోవాలి సుమండీ, రాతిమెట్లు నున్నగా ఉంటాయి.